అన్న రీలు మళ్ళీ తిరుగుతోంది

గాలం వేసే రీలు పని అయిపోయింది, నీళ్ళ మీద తేలుతూ చేప కాటు చూపించే బెండ్లు సగం అయ్యాయి, రాడ్ ఇంకా ముట్టుకోలేదు. ఎక్కడిదాకా వచ్చానో రాసిపెట్టుకుంటే రేపు నాకే పనికొస్తుంది. ఎవరిదో పాత సరంజామా చేతికొస్తే ఏం చెయ్యాలో తెలియక మూలన పడేసినవాళ్ళకి కూడా పనికిరావచ్చు.

ఈ సరంజామా నాది కాదు. మాతో గాలం వేసేవాళ్ళందరూ అన్న అని పిలిచే మనిషిది. ఆయన పోయాక వదిన పిలిచి రాడ్ల సంచి, ఒక పెట్టె, అట్ట ఊడిపోతున్న లావుపాటి నోట్‌బుక్ నా ముందు పెట్టి "ఇవి ఇంట్లో ఉంటే నేను చూడలేను, నువ్వైతే వాడతావు" అంది. అన్నకి పెద్ద చేపల రికార్డులేం లేవు. కానీ కొత్తగా వచ్చినవాడెవడైనా చిక్కుపడ్డ దారం ఒళ్ళో పెట్టుకుని బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, తన బెండు కదులుతున్నా సరే వదిలేసి వెళ్ళి ఆ చిక్కు విప్పేవారు. మాలో సగం మందికి గాలం కట్టడం అలా వచ్చిందే.

ముందు రీలు సంగతి. పాత స్పిన్నింగ్ రీలు, పిడి తిప్పితే లోపల ఇసుక ఉన్నట్టు గరగర, దారాన్ని లోపలికి మళ్ళించే బెయిల్ తీగ సగంలో ఆగిపోతోంది. విప్పే ముందు, విప్పుతున్నప్పుడు ప్రతి అడుగులో ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి, స్క్రూలు ఊడదీసిన వరసలోనే ఒక ట్రేలో పేర్చుకోవాలి, ఈ రెండూ చేస్తే మిగతాదంతా ఓపిక పనే. పక్క మూత తీస్తే పాత గ్రీజు గట్టిపడి గేరు పళ్ళకి నల్లటి జిగురులా అంటుకుపోయి ఉంది. పాత టూత్‌బ్రష్ కిరసనాయిల్లో ముంచి రుద్ది, గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరాక గేర్లకి కొత్త గ్రీజు పల్చగా పూశాను. ఎక్కువ పూస్తే పిడి బరువెక్కుతుంది తప్ప లాభం లేదు. బేరింగుకీ, దారం ఆనుకుని తిరిగే చిన్న రోలర్‌కీ మాత్రం గ్రీజు కాదు, పల్చటి నూనె, ఒక్కో చుక్క. ఆ రోలర్ సంగతి చాలామంది పట్టించుకోరు. అది బిగుసుకుపోతే దారం దాని మీద తిరక్కుండా రాసుకుంటూ వస్తుంది, మెలికలు పడుతుంది, తర్వాత దారం మంచిది కాదని తిట్టుకుంటాం. బెయిల్ ఆగిపోవడానికి కారణం స్ప్రింగు, తుప్పు పట్టింది. మార్చాను. చేప గట్టిగా లాగితే దారాన్ని జారనిచ్చే డ్రాగ్ లోపలి ఫెల్టు బిళ్ళలు మాత్రం కొత్తవాటిలా ఉన్నాయి, ఎందుకంటే అన్న ఇంటికి రాగానే డ్రాగ్ నాబ్ పూర్తిగా వదులు చేసి పెట్టేవారు. బిగించి వదిలేస్తే ఆ బిళ్ళలు నొక్కుకుపోతాయి.

తర్వాత దారం. పాతది అంతా తీసి పారేశాను. తంగూసు ఎండకి, నీళ్ళకి మెల్లగా బలం తగ్గుతుంది, పైకి బానే కనిపిస్తుంది. కొత్తది 0.25 మిల్లీమీటర్లది, డబ్బా మీద బలం 5 కిలోలని ఉంది. దారం చుట్టుకునే స్పూల్ అంచుకి రెండు మూడు మిల్లీమీటర్లు తక్కువగా ఆపాలి. అంతకంటే నింపితే విసిరినప్పుడు చుట్టలు చుట్టలుగా ఊడిపడుతుంది, తక్కువైతే దూరం పోదు. డ్రాగ్‌ని స్ప్రింగు తక్కెడతో పెట్టుకోవడం మంచిది, దారం బలంలో పావు నుంచి మూడో వంతు దాకా. నేను కిలోన్నర దగ్గర ఆపాను. చేత్తో లాగి చూసి సరిపోయిందనుకోవడం నాకు నమ్మకం లేదు, అన్నకీ ఉండేది కాదు.

తంగూసు అంటే నైలానే కదా. దాన్ని 1935లో తయారుచేసిన వాలెస్ కరోథర్స్ 1937లో 41 ఏళ్ళకే ప్రాణం తీసుకున్నాడు, నైలాన్ సంగతి లోకానికి ప్రకటించింది 1938లో. ఈ కథ నాకు చెప్పింది అన్నే. స్పూల్ నింపేటప్పుడల్లా గుర్తొస్తుంది. తను చేసిన వస్తువు ఎవరెవరి చేతుల్లోకి పోతుందో చూడకుండానే వెళ్ళిపోయాడు పాపం అనేవారు. అప్పటికి అన్న ఆరోగ్యం బానే ఉంది.

తర్వాత వచ్చింది క్లోమం కేన్సర్. కీమో మొదలైన కొన్ని వారాలకి వేళ్ళ చివర్లు మొద్దుబారిపోయాయి. కొన్ని మందులు నరాల్ని దెబ్బతీస్తాయి, చేతులకీ పాదాలకీ స్పర్శ తగ్గిపోతుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతే నవ్వేసి ఊరుకున్నారు గానీ గాలం కట్టలేకపోవడం ఆయన్ని బాగా కుంగదీసింది. ఒకసారి నేను వెళ్ళేసరికి మంచం మీద కూర్చుని, దారాన్ని పెదాల మధ్య పెట్టుకుని మెల్లగా లాగుతున్నారు. వేళ్ళకి తెలియని గీతలు పెదాలకి తెలుస్తాయి. ఒకచోట ఆగి, అక్కడ పళ్ళతో పట్టుకుని, మాట్లాడలేక నాకేసి చూసి కళ్ళతోనే కత్తెర అడిగారు. కత్తిరించి ఆ ముక్కని కిటికీ దగ్గర వెలుతురులో తిప్పి తిప్పి చూస్తే గానీ ఆ గీత నాకు కనపడలేదు. ఆ రోజు నుంచీ ముళ్ళు ఆయన చెప్పేవారు, నేను కట్టేవాణ్ణి. పాలోమార్ ముడి అయితే దారం మడత పెట్టి గాలం కంట్లోంచి దూర్చి, వదులుగా ఒక మామూలు ముడి వేసి, మిగిలిన ఉచ్చులోంచి గాలం మొత్తాన్ని దాటించి, బిగించే ముందు ఉమ్మితో తడపాలి. పొడిగా బిగిస్తే రాపిడికి పుట్టే వేడికే నైలాన్ బలహీనపడుతుంది. తడపకుండా బిగించానని ఆయనకి చప్పుడు బట్టి తెలిసిపోయేది. "తెంపెయ్ తమ్ముడూ, మళ్ళీ కట్టు" అనేవారు.

బెండ్ల దగ్గరికొస్తే, పెట్టెలో ఆయన చేతితో చేసినవి కొన్ని బాగున్నాయి, కొన్నిటి వార్నిష్ పగిలి నీళ్ళు తాగేశాయి. నీళ్ళు తాగిన బెండు బరువెక్కి, దారానికి బరువు కోసం గుండ్లు ఎన్ని పెట్టాలన్న లెక్కంతా తప్పుతుంది. పాత పూత మొత్తం గీకేసి, జీలుగుబెండుని ఎండలో కాకుండా నీడలోనే బాగా ఆరనిచ్చి, 400 నంబరు గరుకు కాగితంతో రుద్ది, వార్నిష్ మూడు పూతలు వేస్తున్నాను. ఒక్కో పూతా పూర్తిగా ఆరాకే తర్వాతది. కొన మీద ఎరుపు చివర్లో. గుండ్ల కోసం ఆయన వాడిన లెక్క నోట్‌బుక్ మొదటి పేజీలోనే ఉంది: ఏఏఏ సైజు గుండు అంటే 0.8 గ్రాములు, బీబీ 0.4, నాలుగో నంబరు 0.2, ఎనిమిదో నంబరు 0.06. ఒక గ్లాసు నీళ్ళలో బెండు వేసి, కొన మాత్రమే పైన కనపడేదాకా గుండ్లు కలుపుతూ పోయి, ఆ మొత్తం బెండు మెడ మీద సన్నగా రాసేస్తే ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు. పెట్టెలోని సీసం గుండ్లు మాత్రం పక్కన పెట్టేసి తగరంవి తెచ్చుకున్నాను. హంసలు ఆ గుండ్లు మింగి సీసం విషానికి చచ్చిపోతున్నాయని బ్రిటన్‌లో 1987లోనే చిన్న సీసం గుండ్ల అమ్మకం ఆపేశారు. తగరం తేలిక కాబట్టి అదే బరువుకి గుండు కాస్త పెద్దగా ఉంటుంది, అంతకు మించి తేడా లేదు.

బంగారుతీగ చేప కోసమైతే చివరి గుండు అడుగున ఆనేలా, గాలానికి ఒక జానెడు దూరంలో పెట్టాలి. చేప ఎర తీసుకుని తల పైకెత్తినప్పుడు ఆ గుండు కూడా లేస్తుంది, బరువు తప్పేసరికి బెండు మునగదు సరికదా పైకి లేచి పక్కకి పడుకుంటుంది. కొత్తవాళ్ళు మునగడం కోసం ఎదురుచూస్తూ ఈ కాటుని వదిలేసుకుంటారు.

నోట్‌బుక్ గురించి రాయకపోతే ఈ పనికి అర్థం లేదు. తేదీ, గాలి ఎటు, నీటి వేడి, నీటి రంగు, ఎర, గాలం నంబరు, ఫలితం. 20 డిగ్రీల నీళ్ళలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది, 30 డిగ్రీలకి ఏడున్నరే, అందుకే మండు మధ్యాహ్నం కూర్చోవద్దు అని ఒక చోట. నాచు ఎక్కువున్న చెరువులో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామున, మొక్కలు రాత్రంతా ఊపిరి తీసుకుంటాయి కాబట్టి, అని ఇంకో చోట. ఇవన్నీ ఎక్కడైనా దొరికే విషయాలే. నన్ను ఆపేసింది చేప పడని రోజులు. ఫలితం దగ్గర "లేదు" అని ఒక్క మాట, కానీ దాని ముందు గళ్ళన్నీ నింపి ఉన్నాయి, చేప పడిన రోజుల్లో ఎంత ఒద్దికగా నింపారో అంతే ఒద్దికగా. నేనైతే చేప పడని రోజు ఏమీ రాయను. ఎవరు రాస్తారు?

అన్నకి దేవుడి మీద గట్టి నమ్మకం. నాకు లేదు, ఇప్పటికీ లేదు. ఆయన ఎప్పుడూ నన్ను మార్చాలని చూడలేదు, నేనే గిల్లేవాణ్ణి. నీళ్ళలో చేప ఉందని నమ్మడమూ దేవుడు ఉన్నాడని నమ్మడమూ ఒకటే అని ఎవరో అంటే, ఒకటి కాదు, చేపకి బుట్టలో రుజువు ఉంటుంది అన్నాను నేను. ఆయన నా మాటకే ఒప్పుకున్నారు, అది నాకు ఆశ్చర్యం. తర్వాత ఆసుపత్రిలో బైబిల్లో యోహాను సువార్త చివరి అధ్యాయం చదివి వినిపించమన్నారు. రాత్రంతా వల వేసి ఏమీ పడని జాలర్లు, తెల్లారాక ఒడ్డున ఉన్న మనిషి కుడి పక్కన వెయ్యమంటే వేస్తారు, 153 పెద్ద చేపలు పడతాయి. చనిపోయి లేచిన యేసు ఎదురుగా ఉంటే వీళ్ళు చేపలు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నారా అని నేను నవ్వాను. "లెక్కపెట్టారు కాబట్టే నమ్ముతాను, అది చేపలు పట్టేవాడి బుద్ధి" అన్నారాయన. ఒకటి నుంచి పదిహేడు దాకా కూడితే 153 వస్తుందని పాతకాలపు క్రైస్తవ గురువు అగస్టీన్ ఒక లెక్క కట్టి దానికేదో అర్థం చెప్పాడని నేనంటే, దాన్ని ఆయన పట్టించుకోలేదు. ఆయనకి నచ్చింది వేరే. వాళ్ళు ఒడ్డుకి వచ్చేసరికే నిప్పుల మీద చేప ఉంది. అయినా, మీరు పట్టినవి కూడా కొన్ని పట్టుకురండి అంటాడు యేసు. "ఆయనకి అవసరం లేదు, అయినా అడిగాడు. నాకు అది చాలు తమ్ముడూ" అన్నారు. ఎందుకు చాలో నాకు ఆ రోజు అర్థం కాలేదు, ఇప్పుడు కొంచెం అర్థమైనట్టుంటుంది, మళ్ళీ జారిపోతుంది.

చావు గురించి మాత్రం ఇద్దరం ఒకే భాష మాట్లాడుకున్నాం. తినడానికి ఉంచుకున్న చేపని అన్న ఎప్పుడూ గట్టున కొట్టుకోనివ్వలేదు, కళ్ళకి కొంచెం పైన చిన్న కర్రతో ఒక్క గట్టి దెబ్బ, అంతే. వదిలెయ్యాల్సిన దాన్ని తడి చేతులతో పట్టుకుని వీలైనంత వరకు నీళ్ళలోనే గాలం తీసేవారు. వెంటిలేటర్ మాట వచ్చినప్పుడు డాక్టరుకి ఆయన వద్దని చెప్పి, బయటికొచ్చాక నాతో "గట్టున పడేసి చూస్తూ కూర్చోవద్దు, అది మనం చేపకే చెయ్యం" అన్నారు. వదినకి ఈ మాట నేనే చెప్పాల్సి వచ్చింది. ఆవిడ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. చివరికి ఇంట్లోనే, నొప్పి తెలియకుండా మందులిస్తూ, ఆయన కోరుకున్నట్టే జరిగింది.

ఆయన పోయినప్పుడు చాలామంది "పైన కూడా గాలం వేస్తూ ఉంటాడులే" అన్నారు. మంచి మనసుతో అన్న మాటే, కాదనను. కానీ ఇదే మాట ఇంకొకరు పోయినప్పుడు విని అన్నే అడిగారు, చావు లేని చోట చేప మాత్రం ఎలా చస్తుంది, మరి అక్కడ గాలం ఎందుకు అని. నమ్మకం లేని నాకు జవాబు లేకపోవడం సరే, నమ్మకం ఉన్న ఆయన దగ్గరా లేదు, దానికి ఆయనకేమీ బెంగ లేదు. నాకైతే అక్కడే కుళ్ళుగా ఉంటుంది.

రీలు బిగించాక నా రాడ్‌కే తగిలించి వెళ్ళాను. బెయిల్ టక్కున పడుతోంది, రోలర్ తిరుగుతోంది, దారం మెలిక పడలేదు. నోట్‌బుక్‌లో ఆయన ఆఖరి పేజీ తర్వాత ఒక పేజీ వదిలి రాద్దామనుకున్నాను, తర్వాత ఎందుకులే అని ఆయన గీసిన గళ్ళలోనే, కింది వరసలో రాశాను. నీటి వేడి 26, గాలి తక్కువ, నీళ్ళు బురదగా, ఎర వానపాము, గాలం 10, ఫలితం లేదు.

ఇక రాడ్. పై నుంచి చూస్తే బానే ఉంది గానీ దారం వెళ్ళే రింగుల్లోంచి దూదిపుల్ల తిప్పితే కొన రింగు దగ్గర దూది పోగులు పట్టుకుంటున్నాయి, అంటే లోపలి పింగాణీ పగిలినట్టు. ఆ పగులు కొత్త దారాన్ని ఒక్క రోజులో కోసేస్తుంది. వేడి నీళ్ళలో కొన ముంచి జిగురు మెత్తబడ్డాక రింగు తిన్నగా లాగాలి, మెలితిప్పకూడదు. లైటర్ మంట నేరుగా పెడితే కార్బన్ పాడైపోతుంది. కొత్త రింగు లోపలి కొలత కోసం కొన లావు కాలిపర్‌తో చూసుకోవాలి, అంటించేటప్పుడు మిగతా రింగుల వరసకి సూటిగా ఉందో లేదో చూసుకోవాలి.

ఆయన కూతురు నేర్చుకుంటానంటోంది. ఎడమచేతివాటం, కాబట్టి రీలు పిడి రెండో పక్కకి మార్చాను. అవతలి పక్క స్క్రూ మూత తీసి, పిడి అటు దూర్చి, మూత ఇటు బిగిస్తే సరిపోయింది. కొన రింగు మార్చేదాకా రాడ్ ఇవ్వనని చెప్పాను, ఈలోగా పాలోమార్ ముడి కట్టడం ప్రాక్టీస్ చెయ్యమని ఒక మొండి గాలం, కొంచెం దారం ఇచ్చాను.