బోయిన్ ఒడ్డున విలియం మరణించి ఉంటే

1690 జూన్ 30న, ఆనాటి ఇంగ్లాండు పాత కాలెండరు ప్రకారం, ఐర్లాండులో బోయిన్ నది ఒడ్డున శత్రు శిబిరాన్ని పరిశీలిస్తున్న ఇంగ్లాండు ప్రొటెస్టెంటు రాజు మూడవ విలియం భుజాన్ని ఒక ఫిరంగి గుండు రాసుకుంటూ పోయింది. గాయం పైపైనే తగలడంతో ఆయన కట్టు కట్టించుకుని మళ్ళీ గుర్రమెక్కాడు. ఆయన మరణించాడన్న వదంతి మాత్రం పారిస్ దాకా పాకి, అక్కడి వీధుల్లో సంబరాలు జరిగాయి. ఆ వదంతి నిజమై ఉంటే, విలియం రాకతో సింహాసనం కోల్పోయి ఇప్పుడు ఆయన మీద పోరాడుతున్న కాథలిక్ రాజు రెండవ జేమ్స్ లండన్‌లో తిరిగి సింహాసనమెక్కేవాడని చాలామంది ఊహిస్తారు. నాకు ఆ ఊహ మీద నమ్మకం లేదు.

మర్నాడు విలియం గెలిచిన బోయిన్ యుద్ధం అసలు జరిగి ఉండేదే కాదేమో. విలియం తరువాత సేనాధిపత్యం డెబ్బై ఏళ్ళు దాటిన షోంబర్గ్‌కు దక్కేది. అంతకుముందు ఏడాది డండాక్ శిబిరంలో వేలాదిమంది సైనికులు రోగాలతో చనిపోతున్నా జేమ్స్‌తో తలపడకుండా కూర్చున్న జాగ్రత్తపరుడాయన. దాదాపు 36,000 మంది సైన్యం తన వెనుక ఉన్నా, రాజు శవాన్ని పక్కన పెట్టుకుని నది దాటే సాహసం ఆయన చేసేవాడనుకోను.

లండన్‌లో సింహాసనం ఖాళీ అయ్యేది కూడా కాదు. జేమ్స్ సోదరి కొడుకైన విలియం, జేమ్స్ కూతురు మేరీని పెళ్ళాడాడు. మన లెక్కన అచ్చమైన మేనరికం. 1689లో పార్లమెంటు ఆ దంపతులిద్దరినీ సమాన హోదాతో రాజు, రాణులుగా ప్రకటించింది గనుక, భర్త పోయినా మేరీ రాణిగానే కొనసాగేది. ఆమె తరువాత చెల్లెలు ఆన్ ఉంది, ఆన్‌కు కొడుకూ ఉన్నాడు, ముగ్గురూ ప్రొటెస్టెంట్లే. ఇంగ్లాండు దక్షిణ తీరాన బీచీ హెడ్ దగ్గర, జేమ్స్‌కు అండగా ఉన్న ఫ్రెంచి నౌకాదళం గెలిచిన వార్త కూడా తోడై లండన్ కొన్ని వారాలు వణికేది, నిజమే. అయితే నిజ చరిత్రలో ఆ విజయం తరువాత ఫ్రెంచివారు టిన్‌మత్ అనే చిన్న తీరపట్టణాన్ని తగలబెట్టి వెళ్ళిపోయారే తప్ప, ఇంగ్లాండులో సైన్యాన్ని దింపలేదు.

అసలైన తేడా ఐర్లాండు భూముల దగ్గర వచ్చేది. 1689లో డబ్లిన్‌లో జేమ్స్ సమావేశపరచిన పార్లమెంటు, 1650లలో ఇంగ్లాండును ఏలిన ప్రొటెస్టెంటు నాయకుడు క్రామ్‌వెల్ కాలంలో కాథలిక్కులు పోగొట్టుకున్న భూములు తిరిగి వారికే దక్కేలా పాత చట్టాన్ని రద్దు చేసింది. బోయిన్ యుద్ధం, మరుసటి ఏడాది ఆగ్రిమ్ యుద్ధం ఆ ఆశను తుడిచిపెట్టాయి. 1703 నాటికి కాథలిక్కుల చేతిలో మిగిలినది సుమారు 14 శాతం భూమి. విలియం లేని ప్రొటెస్టెంటు సేన తడబడి ఉంటే, ఈ యుద్ధాన్ని ముగించిన 1691 నాటి లిమరిక్ ఒప్పందం కన్నా చాలా మెరుగైన షరతులతో ఐరిష్ కాథలిక్కులు రాజీ కుదుర్చుకునేవారు. అందుకు అడ్డుపడగలవాడు జేమ్సే. ఇంగ్లాండులో తన మద్దతుదారులు దూరమవుతారన్న భయంతో ఆ భూచట్టం రద్దుకు ఆయన అయిష్టంగానే ఒప్పుకున్నాడు. ఐర్లాండు ఆయనకు లండన్ చేరే దారి మాత్రమే.