సున్నా శాతం వచ్చిన థీసిస్

ప్లేజియరిజం రిపోర్టులో నా థీసిస్‌కి సున్నా శాతం వచ్చింది. గైడ్ గారి లాగిన్‌లో ఆ అంకె చూసి పొంగిపోయి, ఫోన్‌లో ఫొటో తీసుకుని హాస్టల్‌లో నలుగురికీ చూపించాను కూడా. ఐదేళ్లు శతకాల మీద పడి కొట్టుకుంటే, ఒక్క ముక్క ఎత్తి రాయలేదని మెషీనే చెబుతోంది, ఇంకేం కావాలి! మర్నాడు ఆ కాగితం పట్టుకుని సర్టిఫికెట్ కోసం లైబ్రరీకి వెళ్లాను. అక్కడి మేడమ్ కాగితం చూసి, నా మొహం చూసి, అడిగింది ఒకటే: "అనులో కొట్టించావా అమ్మా?"

అవునన్నాను. అను అంటే డీటీపీ షాపుల్లో వాడే తెలుగు ఫాంటు.

"అందుకే. సున్నా ఎవరికీ రాదు. కనీసం యూనివర్సిటీ పేరైనా ఎక్కడో ఒకచోట కలవాలి కదా."

మానిటర్ నా వైపు తిప్పింది. నా మొదటి అధ్యాయం ఉండాల్సిన చోట ఇంగ్లీషు అక్షరాలు, నెత్తిన టోపీలు పెట్టుకున్న అచ్చులు, బ్రాకెట్లు, పర్సెంటు గుర్తులు చీమలు చెదిరినట్టు ఉన్నాయి. "మెషీన్ చదివింది ఇదీ. ఇలాంటిది లోకంలో ఇంకెవరూ రాసి ఉండరుగా," అంది. పక్కనున్న అటెండరు నవ్వు ఆపుకోలేకపోయాడు.

మాది తెలుగు శాఖ. మాలో చాలామంది ఇప్పటికీ చేత్తో రాస్తారు. రాసింది తీసుకెళ్లి గేటు ఎదురుగా ఉన్న డీటీపీ షాపులో ఇస్తారు. అక్కడి అన్న పేజ్‌మేకర్‌లో అను ఫాంటు పెట్టి, యాపిల్ కీబోర్డు లేఅవుట్‌తో, కాగితం వైపు తప్ప స్క్రీన్ వైపు చూడకుండా కొట్టేస్తాడు. పేజీకి 30 రూపాయలు. నాది 312 పేజీలు. అచ్చు చూస్తే ముత్యాలే, వంక పెట్టడానికి లేదు. తెలుగు పత్రికలూ పుస్తకాలూ దశాబ్దాల పాటు అలాంటి ఫాంట్ల మీదే నడిచాయి. చిక్కల్లా ఎక్కడంటే, అందులో తెలుగు అక్షరానికి సొంత ఇల్లు లేదు. ఇంగ్లీషు అక్షరాల గదుల్లో తెలుగు బొమ్మలు అద్దెకున్నాయి. తలకట్టు ఒక బొమ్మ, గుడి ఒక బొమ్మ, వత్తు ఇంకో బొమ్మ. ఫాంటు ఉన్న కంప్యూటర్లోనే అది తెలుగు, ఫాంటు తీసేస్తే చీమలు. అన్ని భాషల అక్షరాలకీ తలో నంబరిచ్చే యూనికోడ్‌లో 1991 నాటి మొదటి వెర్షన్ నుంచే తెలుగుకి 128 గదుల సొంత వరస ఉంది. ఎంఏలో భాషాశాస్త్రం పేపరు రాసి పాసైన నాకు ఈ సంగతి థీసిస్ పూర్తయ్యాక లైబ్రరీ మేడమ్ చెబితే తెలిసింది. సిగ్గేసిందనే చెప్పాలి.

మీరూ సబ్మిట్ చేయబోతుంటే ఇప్పుడే ఒక పని చేయండి. ఫైల్లో ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. తెలుగు తెలుగులాగే ఉంటే ఈ వ్యాసం మీకు కాలక్షేపం మాత్రమే.

యూనికోడ్‌లోకి మార్చుకు రమ్మంది మేడమ్. సరే అని గదికొచ్చి లాప్‌టాప్ తీస్తే యూనివర్సిటీ మెయిల్ తెరుచుకోలేదు. పాస్‌వర్డ్ తప్పు కాదు, అకౌంటే లేదు. నా రిజిస్ట్రేషన్ గడువు పొడిగిస్తూ అకడమిక్ సెక్షన్ ఇచ్చిన ఉత్తర్వు నా దగ్గరుంది, కానీ కంప్యూటర్ సెంటర్‌లో పాత తేదీయే ఉంది. ఆ తేదీ రాగానే వాళ్ల సిస్టం తన పని తాను చేసేసింది. మెయిల్ పోతే వైఫై పోతుంది, బయటి నుంచి లైబ్రరీ జర్నళ్లు చూసే లాగిన్ పోతుంది, గత మూడేళ్లుగా డ్రైవ్‌లో పెట్టిన పాత శతకాల ఫొటోలూ పోతాయి. హెల్ప్‌డెస్క్‌లో టికెట్, అంటే ఆన్‌లైన్ ఫిర్యాదు, వేద్దామంటే, టికెట్ వేయడానికి యూనివర్సిటీ మెయిల్‌తోనే లాగిన్ అవ్వాలి! జూనియర్ లాగిన్‌తో వేయించాను. రెండు రోజులకి "పరిష్కరించబడింది" అని మూసేశారు. ఏం పరిష్కరించారయ్యా అంటే, జూనియర్ అకౌంటు పరీక్షించి చూశారట, అది బాగానే పనిచేస్తోందట.

ఇక మనిషినే వెళ్లాను. పొడిగింపు ఉత్తర్వు జిరాక్సు, ఐడీ కార్డు జిరాక్సు, గైడ్ సంతకం, హెచ్‌ఓడీ సంతకం. హెచ్‌ఓడీ గారు ఊళ్లో లేరు, నాలుగు రోజులు పట్టింది. కాగితాలు ఇచ్చాక మాత్రం పని పది నిమిషాల్లో అయిపోయింది. ఫొటోలు భద్రంగానే ఉన్నాయి. అకౌంటు ఆపేశారు గానీ చెరపలేదట. ఆ మాట టికెట్లో రాసి ఉంటే నేను ఆ నాలుగు రాత్రులూ నిద్రపోయేదాన్ని.

వైఫై మాత్రం అప్పటికీ రాలేదు. మా హాస్టల్లో ఫోన్ మ్యాక్ అడ్రస్, అంటే నెట్‌వర్క్ దాన్ని గుర్తుపట్టే నంబరు, రిజిస్టర్ చేయించుకోవాలి. సెట్టింగ్స్‌లో 'అబౌట్ ఫోన్' కింద ఉన్న నంబరు రాసిచ్చాను, కనెక్ట్ కాదు. మళ్లీ సరిచూసి ఇచ్చాను, కాదు. కంప్యూటర్ సెంటర్‌లో ప్రాజెక్ట్ అసిస్టెంటుగా చేస్తున్న కుర్రాడు ఫోన్ తీసుకుని, ఆ వైఫై పేరు మీద నొక్కి, ప్రైవసీ అనే చోట 'రాండమైజ్డ్ మ్యాక్' తీసేసి 'డివైస్ మ్యాక్' పెట్టాడు. "ఆండ్రాయిడ్ 10 నుంచి ఫోన్లు వైఫైకి అసలు నంబరు చెప్పవు అక్కా, మారు పేరు చెబుతాయి," అన్నాడు. మేము రిజిస్టర్ చేయించింది అసలు పేరు, గేటు దగ్గర ఫోన్ చెప్పుకుంటోంది మారు పేరు. ఎలా రానిస్తారు?

ఆ కుర్రాడే తర్వాత నా థీసిస్‌ని గట్టెక్కించాడు.

అను నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్లు నెట్‌లో దొరుకుతాయి. ఒకదాంట్లో మొదటి అధ్యాయం వేశాను. తెలుగు వచ్చింది. కళ్లు చెమర్చాయి. రెండో పేరా చదివేసరికి ఆరిపోయాయి. 'శాస్త్రం' అన్న చోటల్లా 'శాస్ర్తం', 'రాష్ట్రం' అన్న చోటల్లా 'రాష్ర్టం'. ఇలాంటివి మీరూ న్యూస్ సైట్లలో చూసే ఉంటారు. అసలు వరస స, త, ర. అచ్చులో కంటికి మాత్రం క్రావడి (రవత్తు) ముందు వచ్చి ఎడమ నుంచి చుట్టుకుంటుంది. డీటీపీలో అన్న బొమ్మలు కనబడే వరసలోనే పేర్చాడు. కన్వర్టర్ ఆ వరసనే నమ్మింది.

"ఇదెంత అక్కా," అని కుర్రాడు లిబ్రేఆఫీస్‌లో ఫైండ్ అండ్ రీప్లేస్ తెరిచి, రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్స్ అనే గడిలో టిక్ పెట్టాడు. క్రావడి వెనక ఇంకో వత్తు ఎక్కడుంటే అక్కడ రెండింటినీ తారుమారు చెయ్యమని ఒక్క లైను రాశాడు. 'రీప్లేస్ ఆల్' నొక్కాడు. శాస్త్రం శాస్త్రమైంది, రాష్ట్రం రాష్ట్రమైంది. కుర్రాడు కాలరెగరేశాడు. నేను కిందికి జరుపుకుంటూ వెళితే 'స్వాతంత్య్రం', 'దారిద్య్రం' కనిపించాయి. అరే, ఇవి ఇందాక సరిగ్గానే ఉన్నాయి! స్వాతంత్ర్యంలో క్రావడి తర్వాత యావత్తు రావడమే న్యాయం. "తమ్ముడూ, నీ లైను దారిద్ర్యాన్ని కూడా తిరగేసింది," అన్నాను. అన్‌డూ చేసి, టవత్తుకీ తవత్తుకీ మాత్రమే వర్తించేలా మళ్లీ రాశాడు. వాడికి రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ తెలుసు, నాకు సంయుక్తాక్షరాలు తెలుసు. ఇద్దరం కలిస్తే గానీ ఒక వత్తు కుదురుకోలేదు.

అరసున్న దగ్గర వాడి విద్యా చెల్లలేదు. కన్వర్టర్ కొన్నిచోట్ల అరసున్నని మింగేసింది, కొన్నిచోట్ల నిండుసున్న చేసింది. 'కలఁడు' కాస్తా 'కలండు' అయింది. అన్నింటినీ ఒక్కసారిగా మార్చేద్దామంటే కుదరదు, ఎందుకంటే 'కలండు' కూడా ఒప్పే. ఛందస్సు ఏది అడిగితే అది వాడుకుంటారు కవులు. అరసున్నకి ముందున్న 'ల' లఘువు, నిండుసున్నకి ముందుంటే గురువు. కాబట్టి ప్రతి పద్యానికీ గణాలు కట్టి చూడటమే దారి. ఉత్పలమాలకి భ-ర-న-భ-భ-ర-వ, చంపకమాలకి న-జ-భ-జ-జ-జ-ర. వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ 19 రాత్రులు కూర్చున్నాను. గణం విరిగిన చోట కన్వర్టర్ వేలు పెట్టినట్టే లెక్క. ఛందస్సు ప్రూఫ్ రీడింగ్‌కి పనికొస్తుందని ఎంఏలో ఎవరూ చెప్పలేదు.

ఫాంటు మారడంతో 312 పేజీలు 340 దాటాయి. విషయసూచిక మళ్లీ చేశాను. మా గైడ్ గారు తిరగేసి "అక్షరానికి ఆ ఒళ్లు లేదమ్మా" అన్నారు. మండలి, సురవరం, గిడుగు అని ఉచితంగా దొరికే యూనికోడ్ ఫాంట్లు వరసగా వేసి చూపించాను. మండలి దగ్గర తలూపారు.

ఈసారి పీడీఎఫ్ కాకుండా వర్డ్ ఫైలే ఇమ్మంది లైబ్రరీ మేడమ్. యూనికోడ్‌లో ఉన్నా పీడీఎఫ్‌లోంచి తెలుగు బయటికి తీసేటప్పుడు ఒత్తులు చెదరడం మామూలేనట. ఫైలిచ్చాను. రిపోర్టు వచ్చింది: 38 శాతం.

కుర్చీలో కూలబడ్డాను. యూజీసీ 2018 నిబంధనల ప్రకారం 10 శాతం దాకా ఫర్వాలేదు. 10 దాటి 40 లోపైతే, ఆరు నెలలు మించని గడువులో సరిదిద్ది ఇవ్వాలి. 40 దాటి 60 లోపైతే సరిదిద్దింది ఇవ్వడానికి కూడా ఏడాది ఆగాలి. రెండు శాతం తేడాతో ఏడాది తప్పింది.

మేడమ్ మాత్రం కంగారు పడలేదు. ఎర్ర రంగు పడ్డవి ఒక్కొక్కటే తెరిచింది. అన్నీ పద్యాలే! నెట్‌లో ఎవరెవరో టైపు చేసి పెట్టిన శతక పద్యాలతో నా ఉదాహరణలు కలిశాయి. మెషీన్ చీమల్ని వదిలి తెలుగు చదవడం మొదలుపెట్టాక మొదట పట్టుకుంది నన్ను కాదు, కవుల్ని. ఉదాహరణలు లెక్కలోకి రాకూడదని నిబంధనల్లోనే ఉంది. అయితే అది ఉదాహరణ అని మెషీన్‌కి తెలియాలంటే కొటేషన్ గుర్తులుండాలి. మనం పద్యాన్ని విడిగా, కాస్త లోపలికి జరిపి వేస్తాం, పద్యానికి కొటేషన్ పెట్టే అలవాటు మనకెక్కడిది?

రెండు రోజులు కూర్చుని ప్రతి పద్యానికీ అటూ ఇటూ కొటేషన్లు పెట్టాను. మూడో రిపోర్టు: 7 శాతం. మేడమ్ ముద్ర వేస్తూ, "ఇప్పుడు నమ్మొచ్చు," అంది.

ఆ తర్వాత, దేశంలోని పీహెచ్‌డీ థీసిస్‌లు నెట్‌లో దాచే శోధ్‌గంగ కోసం ఫైళ్లు విడగొట్టాలి. 01 నంబరుతో టైటిల్ పేజీ మొదలు, అధ్యాయానికో పీడీఎఫ్, చివర్లో 80 నంబరుతో రికమండేషన్. మధ్యలో అంకెలు ఏమయ్యాయని అడగకుండా వాళ్లు చెప్పినట్టే పేర్లు పెట్టి ఇచ్చేశాను.

వైవా అయింది, డిగ్రీ వచ్చింది. ఒక సాయంత్రం శోధ్‌గంగ తెరిచి నా థీసిస్ చూసుకున్నాను. ధన్యవాదాల పేజీలో, "రాష్ర్టంలోని గ్రంథాలయాలకు, మా కంప్యూటర్ సెంటర్ మిత్రులకు" అని ఉంది. కుర్రాడి లైను అధ్యాయాల ఫైళ్ల మీదే నడిపాం, ధన్యవాదాల పేజీ వేరే ఫైల్లో ఉండిపోయింది. స్క్రీన్‌షాట్ తీసి వాడికే పంపాను.

"టికెట్ వెయ్యి అక్కా," అని జవాబిచ్చాడు.