కాలవ గట్టు మీద క్రికెట్
నిన్న సాయంత్రం మావాడు మళ్ళీ కాలవ గట్టు మీంచి ఏడుస్తా వచ్చేశాడు, నన్ను ఆడనివ్వట్లేదమ్మా అని. వెళ్ళి అడిగితే వీడే పక్కోడి బ్యాటింగ్ మధ్యలో బ్యాట్ లాగేసుకున్నాడంట, వాళ్ళు మొహాలు మాడ్చుకున్నా వీడికి కనపడలేదు, నవ్వుతానే ఉన్నాడంట. వంతు అంటే ఏంట్రా అంటే మాత్రం టకటకా చెప్తాడు! డాక్టరుగారు చెప్పింది అదే, ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురు లేకపోవడం, తొందర ఆపుకోలేకపోవడం) ఉన్న పిల్లలకి చాలాసార్లు రూల్ తెలీక కాదు, ఆ క్షణంలో బ్రేక్ పడదు అని. 12 ఏళ్ళలోపే మొదలై, ఇంట్లోనూ బళ్ళోనూ కూడా కనిపిస్తేనే ఆ పేరు పెడతారంట. మా అత్తగారికి మాత్రం ఇదంతా గారాబం, ఆయ్, సరేనండి.

ఇవాళ గుంపు వద్దని పక్కింటోడ్ని ఒక్కడినే పిలిచా, ఆత్రేయపురం పూతరేకులు ఆశ చూపించి. అరగంట ఆడారు. బంతి కాలవలో పడితే ఇద్దరూ కలిసి కర్రతో లాగారు.