గోడ మీద అన్నదమ్ములు

నిన్న జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఫ్యుర్‌స్టెన్‌సూగ్ అనే కుడ్యచిత్రం ముందు గంటసేపు నిలబడిపోయాను. 102 మీటర్ల గోడ, అంతా మైసెన్ ఊరి పింగాణీ పలకలే. దగ్గరికెళ్తే తప్ప అతుకులు కనిపించవు. ఈ సాక్సనీ ప్రాంతాన్ని ఏలిన వెట్టిన్ వంశపు పాలకులు 35 మంది దాని మీద ఊరేగుతుంటారు.

నా కళ్లు మాత్రం ఎర్నెస్ట్, ఆల్బ్రెఖ్ట్ అనే అన్నదమ్ముల దగ్గరే ఆగాయి. 1455లో ఓ రాత్రి ఆల్టెన్‌బుర్గ్ కోటలోంచి వీళ్లిద్దరినీ ఎత్తుకుపోయారు. అన్నకు 14 ఏళ్లు, తమ్ముడికి 12 కూడా నిండలేదు. ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. తండ్రి పోయాక ఇరవై ఏళ్లు కలిసే పాలించారు. అలాంటివాళ్లు 1485లో లైప్‌జిగ్‌లో రాజ్యాన్ని పంచుకున్నారంటే మనసు కలుక్కుమంది. పెద్దవాడు వాటాలు వేయాలి, చిన్నవాడు కోరుకోవాలి. అచ్చం మా తాతల పంపకాల్లాగే! ఆల్బ్రెఖ్ట్ మైసెన్ వైపు కోరుకున్నాడు. మరుసటి ఏడాదే ఎర్నెస్ట్ చనిపోయాడు.

అక్కడి నుంచి వంశం రెండు కొమ్మలైంది. క్రైస్తవ మత సంస్కర్త లూథర్‌ను కాపాడిన ఫ్రెడరిక్ ఎర్నెస్ట్ కొడుకే. పవిత్ర రోమన్ చక్రవర్తిని ఎన్నుకునే ఎలెక్టర్ పదవి 1547లో ఆ కొమ్మ నుంచి జారిపోయి, ఆల్బ్రెఖ్ట్ మనవడు మోరిట్స్‌కు దక్కింది.

రేపు ఆల్టెన్‌బుర్గ్ వెళ్తున్నాను. ఆ పిల్లలు పడుకున్న కోటను చూడాలి.