పొద్దున తిన్న పిల్లే

పొద్దున మేత గిన్నె మీద అన్నిటికంటే ముందు ఎగబడ్డ కోడిపిల్లే. మధ్యాహ్నానికి రెక్కలు వేలాడేసి, ఈకలు ఉబ్బించుకుని మూలన నిలబడిపోయింది. చేతిలోకి తీసుకుంటే బరువే లేదు. సాయంత్రానికి పోయింది. దాని వెనకే ఇంకోటి.

కింద పొట్టు మీద రెట్ట చూస్తే గుండె ఝల్లుమంది. జీరలు జీరలుగా రక్తం.

డాక్టరు గారు చనిపోయిన పిల్లను కోసి చూపించారు. పేగు చివర జంటగా ఉండే తిత్తులు రక్తంతో ఉబ్బిపోయి ఉన్నాయి. కాక్సీడియోసిస్ అట, పేగుల్లో చేరే ఒక క్రిమి వల్ల వచ్చే జబ్బు. మూడు నుంచి ఆరు వారాల పిల్లలకే ఎక్కువగా వస్తుందట. రెట్టలో పడ్డ ఆ క్రిమి, పొట్టు తడిగా వెచ్చగా ఉంటే, ఒకటి రెండు రోజుల్లోనే మిగతా పిల్లలకు అంటుకునేంతగా తయారైపోతుంది. కంటికి కనిపించదు కాబట్టి మనకేమో అంతా ‘ఉన్నట్టుండి’ జరిగినట్టే ఉంటుంది.

ఆంప్రోలియం అనే మందు నీళ్ళలో కలిపి పెట్టమన్నారు. మేత ముట్టని పిల్ల కూడా నీళ్ళు తాగుతుంది కదా, అందుకని. ఇంకో మాట గట్టిగా చెప్పారు: ఈ మందు వాడినన్నాళ్ళూ బి1 విటమిన్ ఉన్న టానిక్ వద్దని. క్రిమికి ఆ విటమిన్ అందకుండా చేయడమే మందు పనట. నీరసంగా ఉంది పాపం అని మనం పోసే టానిక్కే మందును చెడగొడుతుందన్నమాట!

తడి పొట్టంతా ఎత్తి పారేసి కొత్తది పరిచాం. నీళ్ళ గిన్నె కాస్త ఎత్తులో పెట్టాం.

మిగతావి తాగుతున్నాయి. ఒకటి మాత్రం ఇంకా తూగుతోంది, దాన్ని వేరుగా ఉంచాను. ఆ టెన్షన్‌తో ఈ రాత్రికి నిద్ర పట్టేలా లేదు.