కంబం తీసేయొచ్చు, గుండు జరపకూడదు

తిరుపతిలో తెల్లవారి ఐదున్నరకు బయల్దేరితే ఆరు గంటలకల్లా చంద్రగిరి కోట దగ్గర ఉండొచ్చు. డిసెంబరులో అక్కడ ఎండ పడేది ఆరున్నర దాటాకే. చోటు వెతుక్కోవడానికి ఆ అరగంట చాలు. బొమ్మ సగం ఆ అరగంటలోనే తేలిపోతుంది. మేం నలుగురం, అందరివీ నీటిరంగులే. మొదటి రోజు చంద్రగిరి, రెండో రోజు తలకోన జలపాతం.

సామాను తక్కువే. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు తూగే) కాటన్ కాగితం, 11 అంగుళాలకు 15 అంగుళాల ముక్కలు. పన్నెండో నంబరు, ఆరో నంబరు గుండ్రటి కుంచెలు, ఒక అంగుళం బల్ల కుంచె, 4బి పెన్సిలు, మాస్కింగ్ టేపు. రంగులు ఆరే: అల్ట్రామెరీన్, సెరూలియన్, బర్న్ట్ సియెనా, యెల్లో ఓకర్, లెమన్ యెల్లో, అలిజరిన్ క్రిమ్సన్. తాగే నీళ్లు కాక రంగులకని మనిషికి ఒక లీటరు. గొడుగు తెల్లదో నల్లదో అయి ఉండాలి. ఎర్ర గొడుగు కింద కూర్చుంటే కాగితమంతా ఎర్రబారి కనిపిస్తుంది, కలిపిన ప్రతి రంగూ తప్పుతుంది. గొడుగు లేకుండా ఎండలో కూర్చుంటే ఇంకో నష్టం. తెల్ల కాగితం కళ్లు జిగేల్‌మనిపిస్తుంది కాబట్టి మనకు తెలియకుండానే రంగులు ముదురుగా కలుపుతాం. ఇంటికి తెచ్చి గోడకు ఆనిస్తే బొమ్మ చీకటిగా ఉంటుంది.

కోట కొండకు దక్షిణాన, పాదంలో ఉంది. కొండను చూస్తూ కూర్చుంటే ముఖం ఉత్తరానికి ఉంటుంది, చలికాలపు పొద్దుటెండ కుడి భుజం వెనక నుంచి వస్తుంది. కొండ మీది రాతి గుండ్లకు ఎడమ పక్క నీడ. మధ్యాహ్నానికి సూర్యుడు మన వీపు వెనక్కి వచ్చేస్తాడు, నీడలన్నీ మాయమై కొండ అట్టముక్కలా అయిపోతుంది. అందుకే తొమ్మిదిలోపు పని ముగించాలి. కోటలోని రాజమహల్ ఆవరణలో స్టాండు నిలబెట్టేముందు అక్కడి సిబ్బందిని అడగడం మంచిది. మేం ఒళ్లో బోర్డు పెట్టుకునే వేశాం.

ఉన్నది ఉన్నట్టు వేయాలా, మనకు తోచినట్టు వేయాలా అన్న మాట ఇలాంటి ప్రతి ప్రయాణంలోనూ వస్తుంది. ఎండలో కూర్చున్న మనిషికి ఆ ప్రశ్న మొదటి గంటలోనే మారిపోతుంది. సూర్యుడు గంటకు 15 డిగ్రీలు జరుగుతాడు. ఏడున్నరకు చింతచెట్టు నీడ చెట్టు ఎత్తుకు నాలుగైదు రెట్లుంటే, ఎనిమిది నలభైకి రెండు రెట్లకు పడిపోతుంది. గంటన్నర కూర్చుని కనిపించిందల్లా నమ్మకంగా వేసుకుంటూ పోతే ఎడమ మూలలో ఏడింటి నీడ, కుడి మూలలో ఎనిమిదిన్నర నీడ పడతాయి. ఏ క్షణంలోనూ ఉండని చోటు తయారవుతుంది. అంటే ఉన్నది ఉన్నట్టు వేయాలన్నా ముందు ఒక క్షణాన్ని ఎంచుకోక తప్పదు. ఆ ఎంపిక చేసేది కన్ను కాదు, మనం.

మేం చేసేదిది. ముందు రెండంగుళాలకు మూడంగుళాల చిన్న గడి గీసి, మూడు ఛాయల్లోనే బొమ్మను తేల్చుకోవాలి: తెలుపు, నడిమి బూడిద, నలుపు. దానికి ఐదు నిమిషాలు. తర్వాత పెద్ద కాగితం మీద నీడల అంచులు మాత్రం పెన్సిలుతో గీసి, టైం రాసి పెట్టుకోవాలి. ఆ తర్వాత నీడలు ఎంత కదిలినా వాటి వైపు చూడకూడదు. ఇంగ్లండులో జాన్ కాన్‌స్టబుల్ అనే చిత్రకారుడు 1821, 1822లలో హాంప్‌స్టెడ్‌లో మబ్బులు వేసినప్పుడు వెనక తేదీ, వేళ, గాలి దిక్కు రాసుకునేవాడు. మబ్బుల మనిషికే అంత జాగ్రత్త అవసరమైతే గుండ్ల ముందు కూర్చున్నవాళ్లకూ అవసరమే.

మా పక్కన మేకలు తోలుకుంటూ ఒక కుర్రాడు ఆగాడు. కాసేపు బొమ్మనూ కొండనూ మార్చి మార్చి చూసి, “కరెంటు కంబం యాడబోయిందినా?” అన్నాడు. తీసేశామంటే తలూపాడు. మళ్లీ వంగి చూసి, “ఆ గుండు ఆడ గాదునా, ఇంకా పక్కకి” అని వేలు పెట్టి చూపించాడు. నిజమే, ఆకాశపు గీత మీద నిలబడ్డ గుండు ఒకటి అరంగుళం కుడికి జరిగింది. కంబం పోయినా అతనికి అది చంద్రగిరే. గుండు జరిగితే మాత్రం కాదు. ఊరివాళ్లు కొండను గుర్తుపట్టేది ఆకాశానికి ఆనుకున్న అంచును బట్టి. కాబట్టి మొదట కొలవాల్సింది ఆ అంచునే. చేయి చాచి పెన్సిలు పట్టుకుని, గుండుకీ గుండుకీ మధ్య దూరాన్ని మహల్ వెడల్పుతో పోల్చి చూస్తే రెండు నిమిషాల పని.

కొండ మొత్తాన్ని మాత్రం ఎనిమిదో వంతు ఎత్తు పెంచాం. ఫోనులో తీసిన ఫొటోలో చంద్రగిరి కొండ పొట్టిగా, ఎక్కడో దూరంగా కనిపిస్తుంది. ఫోను కటకం వెడల్పుగా చూస్తుంది కాబట్టి దూరపువి చిన్నవైపోతాయి. అక్కడ నిలబడ్డ మనిషికి కొండ మీదికొచ్చినట్టే ఉంటుంది. ఆ అనుభవానికి దగ్గరగా ఉండేది పెంచిన కొండే. అయితే అంచు మొత్తం ఒకే లెక్కన పెరగాలి, ఒక్క శిఖరాన్ని లాగితే అది వేరే ఊరి కొండ.

రాయి విషయంలో మాకు రాజీ లేదు. చంద్రగిరిది గ్రానైటు. ఎండకు, వానకు పొరలు పొరలుగా ఊడి గుండ్రబడుతుంది, పగుళ్లు వంపు తిరుగుతాయి, నీళ్లు జారిన చోట నల్లటి చారలు. తిరుమల కొండల పై భాగం క్వార్ట్‌జైటు. పొరలు అడ్డంగా పరిచినట్టుంటాయి, పైన నిలువు చరియ, దాని కింద రాళ్లు రాలిన వాలు. తిరుమల ఘాట్‌రోడ్డులో కింది గ్రానైటు మీద ఈ పొరలు కూర్చున్న చోటు స్పష్టంగా కనిపిస్తుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు, అది జాతీయ భూగర్భ స్మారకం. బొమ్మలో ఈ తేడా కుంచెతోనే రావాలి. గ్రానైటుకు గుండ్రటి కుంచె, తడి మీద తడి, నీడ అంచు మెత్తగా తిరగాలి. క్వార్ట్‌జైటుకు దాదాపు ఆరిన బల్ల కుంచెను అడ్డంగా లాగాలి. రంగు మీ ఇష్టం, ఊదా వేసినా నమ్ముతాం. గ్రానైటు గుండు మీద అడ్డగీతలు పడితే మాత్రం ఆ కొండ పిండితో చేసినట్టుంటుంది.

రాజమహల్‌ను కట్టె వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. గోడలు మందం, అందుకే కమానుల లోపల నీడ లోతుగా పడుతుంది. ఆ నీడను నలుపుతో వేస్తే చిల్లులు పడ్డట్టు ఉంటుంది. ఫొటో అలాగే చూపిస్తుంది, కన్ను చూడదు. నేల మీది ఎండ లోపలికి ఎగసి కమాను పైకప్పుకు వెచ్చటి వెలుగునిస్తుంది. అల్ట్రామెరీన్, బర్న్ట్ సియెనా కలిపిన బూడిదరంగు వేసి, అది తడిగా ఉండగానే పైభాగంలో కొంచెం ఓకర్ తాకించాలి. మూడంతస్తులు మూడే ఉండాలి. కమానులన్నీ లెక్కపెట్టి వేయక్కర్లేదు, ఎడమ చివరివి నీడలో కలిసిపోతే భవనం ఇంకా బరువుగా నిలబడుతుంది.

చింతచెట్టు మహల్ గోపురానికి అడ్డం వచ్చింది. కాగితం మీద రెండంగుళాలు ఎడమకు జరిపాం. చెట్టును జరిపితే నీడనూ జరపాలి. ఇది అందరికీ తెలుసు, అయినా ఎక్కువ బొమ్మలు చెడేది ఇక్కడే. పైగా చెట్టు ఉన్న చోట ఖాళీ పడుతుంది, అక్కడ నేల మీద ఎండ తెరలా పరుచుకోవాలి. ట్యూబులోంచి తీసిన పచ్చరంగు చింతకు పనికిరాదు. చింతాకు దూరానికి బూడిద కలిసిన పచ్చ, అల్ట్రామెరీన్‌లో ఓకర్, దాంట్లో చిటికెడు సియెనా.

ఎనిమిది దాటాక ఎండకు పూత వేసినంతసేపట్లో ఆరిపోతుంది, ఆకాశంలో చారలు పడతాయి. పావు లీటరు నీళ్లలో నాలుగైదు చుక్కల గ్లిజరిన్ కలిపితే కాస్త నిలుస్తుంది. ఎక్కువైతే కాగితం జిగటగా ఉండిపోయి దుమ్ము పట్టుకుంటుంది. కాగితం వెనక కూడా తడపడం ఇంకా మేలు. మెరుపు పోయిన పూతను మళ్లీ ముట్టుకోకూడదు, కాలీఫ్లవర్ ఆకారపు మరకలు లేస్తాయి.

మరుసటి రోజు రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా తలకోన. ఇక్కడ కష్టం తారుమారు. చెట్ల కింద తేమకు పూత ఆరదు, కాబట్టి గ్లిజరిన్ వద్దు, కుంచెలో నీళ్లు సగానికి తగ్గించాలి. సంచులకు కోతుల భయం, జిప్పులు వేసి ఉంచాలి.

జలపాతం ఎత్తు 82 మీటర్లు, అంటే 270 అడుగులు. కాగితాన్ని నిలువుగా తిప్పి 30 సెంటీమీటర్లు నీళ్లకిచ్చాం. నీళ్లంటే తెలుపనుకుని పైనుంచి కింది దాకా కాగితాన్ని వదిలేస్తే ఆరేసిన పంచెలా ఉంటుంది. ఎండ తగిలే పైభాగమే తెలుపు. నీడలోకి దిగాక నీళ్లు ఆకాశం కన్నా ముదురు, సెరూలియన్ బూడిద. రాతి మెట్ల దగ్గర ధార తెగాలి, మళ్లీ కలవాలి.

అడుగున మనుషులు లేకపోతే ఆ ఎత్తు తెలియదు. మేం వెళ్లేసరికి అక్కడ ఎవరూ లేరు, ఇద్దరిని కల్పించి వేశాం. కల్పించిన మనుషులకే ఖచ్చితమైన కొలత కావాలి. ధార పాదం దగ్గర నిలబడ్డ మనిషి ఎత్తు 1.6 మీటర్లనుకుంటే కాగితం మీద 6 మిల్లీమీటర్లు. చేయి జారి సెంటీమీటరు వేస్తే జలపాతం 48 మీటర్లకు కుంగిపోతుంది. ఆరో నంబరు కుంచె కొనతో మూడు చుక్కలు చాలు: తల, ఒళ్లు, కాళ్లు. వాళ్ల చొక్కాకు క్రిమ్సన్ పెట్టాం. చుట్టూ అంత పచ్చదనంలో కన్ను మొదట అక్కడికే పోతుంది.

దారిలో శ్రీకాళహస్తి కలంకారీ ప్రస్తావన వచ్చింది. కరక్కాయ, పాలు పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరబెట్టిన కసిమితో గీత గీసే ఆ పనిలో నీళ్లను వరస గీతలుగా వేస్తారు, చూసేవాళ్లు ఏటినే చూస్తారు. అది మొదటి నుంచి చివరి దాకా ఒకే పద్ధతిలో ఉంటుంది కాబట్టి నప్పుతుంది. సగం బొమ్మ ఫొటోలా వేసి మిగతా సగం గీతల్లోకి దిగితే ఆ నమ్మకం రాదు.

ఆరిన ప్రతి కాగితం వెనకా రాసి పెట్టుకున్నాం. చంద్రగిరిది ఇలా ఉంది: “ఉదయం 7:10 నుంచి 8:40. ఉత్తరం చూస్తూ. నీడలు 7:30వి. కొండ ఎనిమిదో వంతు పెంచినది. తీసేసినవి: కరెంటు కంబాలు రెండు, కంచె. జరిపినది: చింతచెట్టు, ఎడమకు రెండంగుళాలు, నీడతో సహా. సరిదిద్దినది: అంచు మీది గుండు, మేకల పిల్లవాడు చెప్పాక.”