చేతిలో ఇంకా ఎన్ని పేజీలున్నాయి?

ఆపరేషన్ అయ్యాక నాన్నని వార్డులోకి మార్చారు. ఆ సాయంత్రం ఆయన అడిగిన మొదటి వస్తువు, "ఇంట్లో రేకు పెట్టెలో మధుబాబు నవల ఉండాలి, పట్రామ్మా." అట్ట ఊడిపోయిన, గూఢచారి షాడో కథల పుస్తకం. లోపలి పేజీ మీద ఎప్పుడో మూతపడిన అద్దె లైబ్రరీ ముద్ర.

పట్టుకునే ఓపిక లేదు కాబట్టి నేనే చదివి వినిపించాను. "ఇప్పుడు షాడో పైఅధికారి కులకర్ణిగారు పిలుస్తారు చూడు" అనేవారు నాన్న. పేజీ తిప్పితే నిజంగానే పిలుపు వచ్చేది.

"అన్నీ తెలిసి కూడా ఈ టెన్షనేంటి నాన్నా మీకు?"

"షాడో ఆపదలోంచి బయటపడతాడని అందరికీ తెలుసు. ఎలా పడతాడన్నదే కదమ్మా!"

నాకూ అదే అనిపిస్తుంది. అమ్మ తరం వాళ్ళు యండమూరి సీరియల్ నవల 'తులసిదళం' కోసం వారం వారం ఆంధ్రభూమి వీక్లీకి ఎదురుచూశారు. అందులో దాచిందేముంది? పాప మీద చేతబడి జరిగింది, ఆమెకి మిగిలినవి ఇన్ని రోజులే. లెక్క మన చేతిలో పెట్టేశాడు. ఇక రచయితకంటే ముందు మనమే రోజులు లెక్కపెట్టుకుంటాం. పాప తల్లిదండ్రులకి తెలియంది మనకి తెలుసు, చెప్పడానికి మాత్రం దారి లేదు. ఆ గుబులే తర్వాతి పేజీకి ఈడ్చుకుపోతుంది.

వీటిని ఉత్త కాలక్షేపం అని తీసిపారేస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఆపరేషన్ రోజు థియేటర్ బయట కుర్చీలో కూర్చున్నాను. "ఇంకో గంట" అన్నారు. మూడు గంటలు గడిచాయి. తలుపు తెరుచుకున్న ప్రతిసారీ లేచి నిలబడ్డాను. ఆ భయానికి ఒడ్డు కనిపించలేదు. పుస్తకంలో అలా కాదు. ఎంత గుండె దడదడలాడినా, కుడిచేతి వైపు పేజీలు పలచబడుతున్నట్టు బొటనవేలికి తెలుస్తూనే ఉంటుంది. ఇంకో ముప్ఫై పేజీల్లో ఏదో ఒకటి తేలిపోతుంది. ఆ భరోసా ఉంది కాబట్టే భయాన్ని డబ్బిచ్చి మరీ అద్దెకు తెచ్చుకున్నాం.

డిశ్చార్జికి ముందు రాత్రి షాడో శత్రువుల చేతికి చిక్కాడు. పక్క బెడ్ పెద్దాయన కూడా మోచేతి మీద లేచి కూర్చున్నారు. నేను గొంతు సవరించుకుని పేజీ తిప్పబోయాను. నాన్న సెలైన్ సూది ఉన్న చేతిని మెల్లగా చాపి, ఆ పేజీ మూల మడిచారు.

"ఉంచమ్మా. రేపు ఇంటికెళ్ళాక చదువుదువుగాని."

"అయ్యో, మరి నా సంగతేంటండీ?" అన్నారు పక్క బెడ్ పెద్దాయన.

మడత విప్పి, మళ్ళీ మొదలుపెట్టాను.